ఉప్పు కరిగేదాకా

“తప్పు నాదేలే” అన్నాడు ఆదిమూలం, పళ్ళెంలోంచి తల ఎత్తకుండా. “వీరాంపట్టినం పక్కనుంచి ఒక లోడు తెచ్చి కలిపినా. సముద్రం పక్క మట్టి, ఉప్పుంటది. దాంతోనే నీ చెట్లు పోయినాయి. అట్లే రాసిచ్చేయి.”

ఉప్పళంలోని ఆ ఇంట్లో అందరూ పొద్దున టిఫిను దగ్గర ఉన్నారు.

లోకేశ్వరి కాఫీ గ్లాసు పెదవుల దాకా తెచ్చి ఆపేసింది. నిన్న సాయంత్రం “నీ మట్టిలోనే ఏదో ఉంది నాయినా” అని అరిచింది తనే. అప్పుడు ఆయన తుండు దులిపి, “నలభై ఏండ్లుగా నర్సరీ నడుపుతా ఉండా. కంప్యూటర్లో చెట్ల బొమ్మలేసే పిల్ల నాకు మట్టి గురించి చెప్తాదా” అని లేచి వెళ్ళిపోయాడు. ఆ కోపం ఆమెకి అర్థమైంది. ఈ ఒప్పుకోలే అర్థం కాలేదు.

ఎందుకంటే ఆదిమూలం తప్పు ఒప్పుకునే జాతి కాదు. మోపెడ్‌ని నేరుగా మురిక్కాలవలోకి దించిన రోజు కూడా తప్పు కాలవదే. అలాంటి మనిషి రాత్రికి రాత్రి మారిపోయి, అడక్కుండానే నేరం నెత్తినేసుకుంటే సంతోషించాలా, భయపడాలా?

లోకేశ్వరి ఆ రెండూ చేయలేదు. అనుమానపడింది.

“ఒక్క లోడేనా?”

“ఒక్కటే.”

“ఐదు మళ్ళకీ అదే పోసినావా?”

“ఆ, అన్నిటికీ అదే.”

“మరి నాలుగు మళ్ళు ఎట్లా పచ్చగా ఉండాయి? మెట్ల పక్కది ఒకటే ఎట్లా కాలిపోయింది?”

ఆదిమూలం నీళ్ళ గ్లాసు వైపు చెయ్యి చాచాడు. సగం దూరంలో ఏదో గుర్తొచ్చినట్టు ఆ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“ఏమో. మట్టికి నోరుంటే దాన్నే అడుగు.”

ఈ గొడవంతా ఒక ఆసుపత్రి పెరడు గురించి. ఊళ్ళో ఒక ట్రస్టు ఆసుపత్రి వాళ్ళు మూడు నెలల కిందట లోకేశ్వరిని పిలిచి, రెండు బిల్డింగుల మధ్య విరిగిన మంచాలు పడేసే చోటు చూపించి, “దీన్ని కాస్త పచ్చగా చేస్తావా అమ్మా” అన్నారు. ఆర్కిటెక్చర్ చదివొచ్చాక ఆమెకి దొరికిన మొదటి సొంత పని అది. ఆ పెరడు మీదికి మొదటి అంతస్తులో డయాలసిస్ గది కిటికీ ఉంది, ఆ గది పక్కనుంచి కిందికి మెట్లు. లోపల ఆరు కుర్చీలు. ఒక్కో కుర్చీలో ఒక మనిషి, వారానికి మూడు రోజులు, రోజుకి నాలుగ్గంటలు, తన రక్తం గొట్టాల్లో తిరుగుతుంటే గోడని చూస్తూ కూర్చోవాలి.

లోకేశ్వరి ఆ ఆరు కుర్చీల్లోనూ తను కూర్చుని చూసింది. ఎక్కడినుంచి ఏం కనబడుతుందో గీసుకుంది. మల్లె వద్దంది, అసలే కడుపులో తిప్పే వాళ్ళకి ఆ వాసన పడదని. గన్నేరు వద్దంది, విషమని. గాలికి కదలడానికి అరటి, కళ్ళకి నందివర్ధనం, సెలైన్ స్టాండు చక్రం ఇరుక్కోనంత వెడల్పు దారి. చేతులు ఆనించి లేవడానికి వీలుగా బెంచీలకి పిడులు. కిటికీకి అద్దంలా మెరిసే ఫిల్ము వేయించింది. లోపలివాళ్ళకి తోట కనబడాలి, తోటలోవాళ్ళకి లోపలివాళ్ళు కనబడకూడదు. జబ్బు మనిషిని ఎవరూ తేరిపార చూడకూడదు.

అన్నీ ఆలోచించింది. నందివర్ధనాలు చస్తాయని మాత్రం ఆలోచించలేదు. ఆకుల అంచులు అగ్గిపుల్ల తగిలినట్టు మాడి, పదకొండు మొక్కలు పోయాయి. ఈ రోజు మూడింటికల్లా కారణం రాతపూర్వకంగా ఇవ్వకపోతే అంతా పీకేసి, టైల్సు పరిచి, జనరేటరు పెడతామని ఆఫీసరు అనంతరామన్ చెప్పేశాడు.

“నాయినా, నిజం చెప్పు. ఎవర్ని కాపాడతా ఉండావు?”

వంటింటి గడపలో గరిటె పట్టుకుని నిలబడ్డ అంబుజం చటుక్కున లోపలికి తిరిగింది.

“కూట్లో ఉప్పు లేదు” అంది పొన్నమ్మాళ్ అవ్వ, గోడవార పీట మీంచి. ఇంట్లో యుద్ధం జరిగినా, శాంతి వచ్చినా అవ్వ ఫిర్యాదు ఒకటే. “నెలన్నరగా ఈ కొంపలో ఉప్పన్న మాటే లేదు. ఆ చెట్లేమో ఉప్పెక్కువై సచ్చినాయంట. దేవుడికి లెక్క తెలీదా?”

“బీపీ అత్తా” అంది అంబుజం లోపల్నుంచి. “డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు.”

“ఎవరికే బీపీ?”

“అందరికీ.”

“నాకు ఎనభై రెండు. నాకే లేదు బీపీ. అందరికీ అంట.” అవ్వ ఇడ్లీని పక్కకి నెట్టి కొడుకు వైపు తిరిగింది. “నువ్వు చెప్పరా. ఈ ఎండలకి ఫుల్లు చేతుల చొక్కా ఏంది? మెడకి ఆ తుండేంది? వారానికి మూడు దినాలు మద్దేనం లోడు దించాలని పోతావు. వచ్చేటప్పుడు పిండేసిన గుడ్డ మాదిరి వస్తావు. మీ నాయన కూడా ఒక కాలంలో ఇట్లే చొక్కాలు మార్చినాడు. ఆ కత యాడికి పోయి తేలిందో నాకు తెలుసు.”

“అమ్మా, సాలు” అన్నాడు ఆదిమూలం.

లోకేశ్వరి తల్లి వైపు చూసింది. మామూలుగా అయితే ఈ పాటికి గరిటె ఎగిరొచ్చి హాల్లో పడాలి. భర్త పక్కన సినిమా పోస్టరు ఉన్నా సహించని మనిషి అంబుజం. అలాంటిది అత్త అంత మాట అంటే, వచ్చి ఆయన పళ్ళెంలో ఇంకో ఇడ్లీ పెట్టింది. చట్నీ వేయలేదు. ఆయన అడగలేదు.

పైగా ఆమె కూడా వారానికి మూడు మధ్యాహ్నాలు కోవెలకని వెళుతోంది. ఏ కోవెల మధ్యాహ్నం పన్నెండింటికి తెరిచి ఉంటుంది?

ఆదిమూలం చెయ్యి కడుక్కుని, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, అదేదో ఇప్పుడే తట్టినట్టు అన్నాడు.

“ఆ అరటి చెట్టుని రెండడుగులు జరపరాదా. కుర్చీలో కూర్చుంటే ఆకు అడ్డం వస్తది. ఎనక ఏముందో కనబడదు.”

“నీకెట్లా తెలుసు?”

“ప్లాన్లో చూసినా.”

ఆయన వెళ్ళిపోయాడు. ఆయనకి ప్లాను చదవడం రాదు. మొన్న చూపిస్తే తలకిందులుగా పట్టుకుని “బాగుండాది” అన్నాడు.

లోకేశ్వరి వంటింట్లోకి వెళ్ళి చట్నీ రుచి చూసింది. గడ్డిలా ఉంది. అటక కింద కల్లుప్పు జాడీ దించి మూత తీసింది. అడుగున తడి తప్ప ఏమీ లేదు.

“అమ్మా, ఉప్పేది?”

“అయిపోయింది.”

“సోమవారమేగా ఉప్పు బండాయన దగ్గర రెండు పడులు కొలిపించుకున్నావు. ఇంట్లో ఎవరూ తినని ఉప్పు ఎట్లా అయిపోతాది?”

అంబుజం గిన్నె తోముతూనే ఉంది. తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది.

“నీకు టైము కాలేదా? మీ నాయన చెప్పినట్టు రాసిచ్చేయి, ఈ రగడ ముగిసిపోతాది.”

“ఆయన మీద నేరం పెట్టమంటావా?”

“ఆయనే కదా పెట్టుకున్నాడు.”

ఆ మాట అంటూ అంబుజం కొంగుతో మొహం తుడుచుకుంది. లోకేశ్వరి అది గమనించింది కానీ, కోపంలో ఉన్న మనిషికి గమనించినవన్నీ తప్పు లెక్కలోకే వెళతాయి. వీళ్ళిద్దరూ కలిసి తన దగ్గర ఏదో దాస్తున్నారు. సరే. దాచుకోండి. ఒప్పుకున్నది ఆయనే, రాసేది నేనే.

రాసింది. కంప్యూటరు ముందు రెండు గంటలు కూర్చుని రెండే వాక్యాలు రాసింది. మొక్కలు చావడానికి కారణం ఉప్పు మట్టి. సప్లై చేసిన నర్సరీ అది ఒప్పుకుంది. ప్రింటు తీసి కవర్లో పెట్టింది. సరిగ్గా మూడుకి ఆసుపత్రి ఆఫీసులో గుమాస్తా చేతికిచ్చింది. అనంతరామన్ మీటింగులో ఉన్నాడు.

స్కూటీ దాకా వచ్చింది. తాళం తిప్పింది. ఆపింది.

నాలుగు మళ్ళు ఎట్లా పచ్చగా ఉన్నాయి?

ఆ ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. రిపోర్టులో కూడా లేదు. కాలేజీలో ఇలా రాస్తే మాస్టారు పేపరు మొహాన కొట్టేవాడు. సంచిలో మీటరుంది, పెన్ను లాంటిది, తడి మట్టిలో గుచ్చితే ఉప్పెంతుందో అంకెలో చెబుతుంది. ఇంకొక్కసారి చూస్తే పోయేదేముంది అనుకుని మళ్ళీ తోటలోకి నడిచింది.

మెట్ల పక్క మడి ముందు గొంతుక్కూర్చుని పై మట్టి పరీక్షించింది. అంకె ఎక్కడికో పోయింది. జానెడు లోతు తవ్వి అక్కడి మట్టి పరీక్షించింది. మామూలు అంకె.

మళ్ళీ చూసింది. అదే.

మట్టి తెచ్చినప్పుడే ఉప్పుంటే పైనా కిందా ఒకేలా ఉండాలి. ఇది కింద మంచిది, పైన చెడ్డది. అంటే ఉప్పు లారీలో రాలేదు. పైనుంచి వచ్చింది. ఆదిమూలం నర్సరీ మట్టి ఆదిమూలం మాటకన్నా నిజాయితీగా ఉంది.

అబద్ధమాడాడు. నేరం చేసి కాదు, చేయకుండా.

బురద అంటిన మీటర్ని కడగడానికి పక్కనే ఉన్న రాతి తొట్టిలో ముంచింది. మెట్లు దిగగానే మొదట నీళ్ళు కనబడాలని, పిట్టలు వస్తాయని తనే పెట్టించిన తొట్టి. మునిగిన మీటరు మీద అంకె ఒక్కసారిగా ఎగిరింది.

లోకేశ్వరి వేలు ముంచి నాలికకి రాసుకుంది. ఇంట్లో నెలన్నరగా దొరకని రుచి.

“పంకజమక్కా.”

దారి ఊడుస్తున్న పంకజం చీపురు చంకలో పెట్టుకుని వచ్చింది. ఆసుపత్రి ఆయా, తోటకి నీళ్ళు పెట్టేది కూడా ఆమే.

“ఈ తొట్టికి నీళ్ళు ఎవరు పోస్తారు?”

“నేనే. పొద్దున కొళాయి నీళ్ళు పోస్తా, సాయంత్రం తోడేస్తా. నువ్వే కదా పాపా చెప్పినావు, నీళ్ళు నిలిస్తే దోమలు పెడతాయి, చికున్‌గున్యా వస్తది, దినామూ మార్చమని.”

“తోడేసి యాడ పోస్తావు?”

“ఈ మడికే. ఒక చుక్క కూడా వేస్టు చేయకూడదని నువ్వే చెప్పినావు.”

అవును. తనే చెప్పింది. పెద్ద పర్యావరణవేత్త లాగా వేలు చూపిస్తూ చెప్పింది.

“మరి ఇందులో ఉప్పు ఎవరేస్తా ఉండారు?”

పంకజం ఆమె వైపు జాలిగా చూసింది, చదువుకున్న పిల్లల్ని చూసినట్టు. “అది ఉప్పు కాదు పాపా. దిష్టి.”

“ఏంది?”

“పైన మనిషి పడుకుని ఉంటాడు కదా. ఇంట్లో అయితే మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తాం. ఈడ పొయ్యి యాడుంది? అందుకే ఇంటి ఆడవాళ్ళు కల్లుప్పు తిప్పుతారు. మూడు తూర్లు ఇట్లా, మూడు తూర్లు అట్లా. తిప్పినాక నీళ్ళలో వేయాల. ఉప్పు కరిగినట్టు పీడ కరగాల. ముందు నీళ్ళ కోసం రోడ్డు దాటి పోయేవాళ్ళు పాపం, బస్సులకి భయపడుకుంటా. ఇప్పుడు నువ్వు మెట్ల కిందే తొట్టి పెట్టినావు. ఎంత మంది నిన్ను దీవిస్తా ఉండారో తెలుసా?”

“నాకెందుకు చెప్పలేదక్కా?”

“ఎట్లా చెప్పేది? పిడికిలి మూసుకొని వచ్చేవాళ్ళని అడగగూడదు. వాళ్ళు మాట్లాడగూడదు, ఎనక్కి తిరగ్గూడదు. ఉప్పు కరిగేదాకా నోరు తెరవగూడదు. తెరిస్తే ఆ పీడ మళ్ళీ మెట్లెక్కి పైకి పోతాది.”

లోకేశ్వరికి నవ్వొచ్చింది. లేచి, ఆఫీసుకి పరిగెత్తి, కవరు తెరవకముందే వెనక్కి తీసుకోవాలి. నాయినకి ఫోను చేయాలి. ఎందుకు అబద్ధమాడావని అడగాలి.

అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడు.

పంకజం చీపురు తీసుకుని పక్కకి తప్పుకుంది, అలవాటు ప్రకారం. ఒకావిడ దిగుతోంది. చెప్పులు లేవు. కుడి పిడికిలి మూసి గుండెకి ఆనించి ఉంది. చూపు నేల మీదే ఉంది. నీలం చీర, అంచు దగ్గర కాఫీ మరక. ఆ మరక పడిన రోజు లోకేశ్వరికి గుర్తుంది. ఒలకబోసింది తనే.

“అమ్మా.”

అంబుజం ఒక మెట్టు మీద క్షణం బిగుసుకుంది. తలెత్తలేదు. మళ్ళీ దిగింది.

“అమ్మా, నువ్వు ఈడేం చేస్తా ఉండావు?”

అంబుజం ఆగలేదు. కూతురి పక్కనుంచి, పరాయి మనిషి పక్కనుంచి వెళ్ళినట్టు వెళ్ళి, తొట్టి దగ్గర కూర్చుని పిడికిలి విప్పింది. తెల్లటి గడ్డలు నీళ్ళలో మునిగాయి. అంబుజం పెదవులు ఒకదానికొకటి నొక్కుకుని ఉన్నాయి.

“ఎవరికి తిప్పినావు? అవ్వ ఇంట్లో ఉంది. నేను ఈడ ఉండా.”

అనేశాక ఆ లెక్క ఆమెకే అర్థమైంది. ఇంట్లో ఉండేది నలుగురే.

ఫుల్లు చేతుల చొక్కా. మెడకి తుండు. సగంలో ఆగిన నీళ్ళ గ్లాసు. ఉప్పు లేని చట్నీ. కుర్చీలో కూర్చుంటే ఆకు అడ్డం వస్తది.

లోకేశ్వరి తలెత్తి డయాలసిస్ గది కిటికీ వైపు చూసింది. ఫిల్ము వేసిన అద్దంలో ఆకాశం, అరటాకు, చేతిలో మీటరు పట్టుకున్న తను. అంతే. చాలా బాగా పనిచేస్తోంది ఆ ఫిల్ము.

నీళ్ళలో చివరి గడ్డ చిన్నదై, అంచులు పోయి, మాయమయ్యేదాకా ఇద్దరూ మాట్లాడలేదు.

“మూడో కుర్చీ” అంది అంబుజం అప్పుడు. “ఆరు వారాలాయె. రెండు కిడ్నీలూ పనిచేయడం లేదంట. ఉప్పు తగ్గాల, నీళ్ళు కూడా కొలిచి తాగాల.”

“నాకెందుకు చెప్పలేదు?”

“వద్దన్నాడు. నీ తోట ముగిసేదాకా చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు. ఇది నీకు మొదటి పని కదా అంట. పన్నెండు నుంచి నువ్వు పొయ్యేదాకా నిన్నే చూస్తా కూర్చుంటాడు. పక్క కుర్చీ ఆయనకి చూపించి, ఆ పిల్ల భలే పని చేస్తాది అంటాడు. మా బిడ్డ అని మాత్రం చెప్పడు.”

“చెట్లు చస్తా ఉండేది నీ ఉప్పుకి అని తెలుసా నీకు?”

“నా ఒక్కదానిదే కాదులే. అందరిదీ.” అంబుజం తడి చెయ్యి కొంగుకి తుడుచుకుంది. “నిన్న రాత్రే తెలిసింది. మొన్న పైనుంచి చూసింది తల్చుకొని ఆయనే కనిపెట్టినాడు. ఉప్పు సంగతి బయటపడితే నేను ఈడికి వచ్చేది నీకు తెలిసిపోతాదని, మట్టి మీద పెట్టి నేరం నెత్తినేసుకున్నాడు.”

“తెలిసి కూడా ఈ దినం మళ్ళీ ఏసినావా?”

అంబుజం చచ్చిన నందివర్ధనాల వైపు చూసింది. ఆ చూపులో పశ్చాత్తాపం లేదు.

“చెట్టు పోతే మీ నాయన ఇంకొకటి నాటుతాడు” అంది. “మీ నాయన పోతే నేనేం నాటేది?”

లోకేశ్వరి మొహం చేతుల్లో దాచుకోబోయింది.

“ఒద్దు. మొగం సరిగ్గా పెట్టుకో. చూస్తా ఉంటాడు.”

ఆమె చేతులు దించేసింది. నవ్వాలా, మట్టి తవ్వుతున్నట్టు నటించాలా, చెయ్యి ఊపాలా తెలియలేదు. నెలన్నర పాటు తనకి తెలియకుండా తనని చూసిన మనిషి, తనకి తెలిసిపోయిందని ఇప్పుడు చూస్తూ ఉంటాడు. దాగుడుమూతలు అయిపోయాయని ఏ మొహంతో చెప్పాలి?

“ఈడే ఉండారా అమ్మా.”

అనంతరామన్. చేతిలో విప్పిన కవరు. ఆయన వెనక ఆఫీసు గుమాస్తా.

“టైముకి ఇచ్చినారు, సంతోషం. మట్టే కారణమని క్లియర్‌గా రాసినారు.” కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “కానీ కాగితం మీద ఒప్పుకుంటే ట్రస్టు కమిటీకి చాలదు. ఆ నర్సరీ ఆయన్ని ఇప్పుడే రప్పించండి. కమిటీ పెద్దలు ఇంకా పైనే ఉండారు. వాళ్ళ ముందర నిలబడి, ఉప్పు మట్టి పోసినానని నోటితో చెప్పమనండి. చెప్తే మట్టి మార్చి తోట ఉంచుతాం. లేకపోతే సోమవారం టైల్సు.”

అంబుజం చెయ్యి కొంగులో బిగుసుకుంది.

మట్టి నిర్దోషి అని చెబితే తొట్టి సంగతి చెప్పాలి. తొట్టి సంగతి చెబితే రేపటినుంచి పిడికిలి మూసుకుని దిగే ఆడవాళ్ళని గేటు దగ్గర ఆపేస్తారు, అందరికన్నా ముందు అమ్మని. చెప్పకపోతే, తుండు కింద మెడకి గొట్టం ఉన్న మనిషి వచ్చి చేయని తప్పుకి తల వంచాలి. అడిగితే వస్తాడు కూడా. అదే భయం.

“యాడుంటాడు ఆయన? దూరమా?” అన్నాడు అనంతరామన్.

గాలికి అరటాకు ఊగి ఆమెకీ కిటికీకీ మధ్య అడ్డంగా వాలింది.

లోకేశ్వరి అమ్మలాగే పెదవులు నొక్కుకుంది. రెండడుగులు పక్కకి నడిచి, ఆ ఆకుని రెండు చేతులతో పట్టుకుని, మూడో కుర్చీకి అడ్డం లేకుండా వంచి నిలబడింది.

“ఏమ్మా” అన్నాడు అనంతరామన్. “అడిగేది నిన్నే.”